కాదనని మనిషి

దుకాణం షట్టర్ సగం లేపిన్నో లేదో ఫోన్ మోగింది. మొన్న పోయిన మా దిక్కు లీడర్‌ను అందరం అన్న అనేటోళ్లం, ఆయన కొడుకు ఎంబడి తిరిగే యూత్ లీడర్ ఒకాయన. "కాకా, ఎల్లుండి అన్న సంస్మరణ సభ. పెద్ద షామియానా, మూడొందల కుర్చీలు, మైకు సెట్టు పంపు. ఇంకోటి, నువ్వు గూడ రెండు ముచ్చట్లు మాట్లాడాలె. అన్నకు నీ అంత పాత మనిషి ఇంకెవరున్నరు?" అన్నడు.

ఆలోచించి చెప్త అన్న. ఇన్నేండ్లల్ల ఆ ఇంటికి అట్ల చెప్పుడు అదే మొదటిసారి. ఆయనకు గూడ వింతగనే అనిపించినట్టుంది. "ఆలోచించుడేంది కాకా, కుర్చీలే గద" అన్నడు.

మొయినాబాద్‌ల మాది టెంట్ హౌస్. మా నాయిన అదే మడిగెల కిరాణం నడిపిండు. నాకు పప్పులు, ఉప్పులు తూకం ఏసే ఓపిక లేక మైకు సెట్టు కొన్న, తర్వాత షామియానాలు కొన్న. పెండ్లిళ్లు, చావులు, మీటింగులు, అన్నిటికి నా సామానే పోయేది. మీటింగులల్ల ఎక్కువ ఆయనవే. స్టేజీ పక్కన ఆంప్లిఫయర్ ముందల కూసొని ఆయన మాట్లాడిన ప్రతి మాట విన్న. ఎక్కడ గొంతు దించుతడో, ఎక్కడ దమ్ము తీసుకుంటడో, ఎక్కడ ఏడుస్తడో నాకు ముందే తెలిసేది. ఏడ్చే ముందర కండువాను ఒక భుజం మీదికెళ్లి ఇంకో భుజం మీదికి మార్చుకుంటడు. అప్పుడు నేను సౌండు జర పెంచాలె. ఎవలూ చెప్పకుండనే నేర్చుకున్న.

ఆయన పేరు నేను రాయను. పోయిన తెల్లారే రోడ్డు పొంట ప్రతి స్తంభానికి ఫ్లెక్సీ కట్టిన్రు, దాని మీద పేరు మస్తు పెద్దగ ఉన్నది. ఊరికి సర్పంచ్ అయిన కాడికెళ్లి మండలంల, జిల్లాల ఏమేం పదవులు చేసిండో అది గూడ రాసిన్రు. మూడు పార్టీలు మారింది మాత్రం రాయలే. ఎమ్మెల్యే టికెట్టు కోసం ఎన్నిసార్లు హైదరాబాద్ పోయి ఉత్త చేతుల్తోటి వచ్చిండో రాయలే. అవి నాకూ అక్కెర లేదు. నా కడుపు మండేది వేరే దానికి.

ముందుగాల మంచి చెప్త. చెప్పకపోతె అబద్ధమాడినట్టైతది.

అప్పట్ల చేవెళ్లకెళ్లి వచ్చే బస్సులు మా దిక్కు పల్లెల కాడ ఆగకపోయేటియి. కాలేజీకి పోయే ఆడపిల్లలు, కూరగాయల గంపలు పట్టుకున్న ఆడోళ్లు చెయ్యెత్తుకుంట నిలబడేటోళ్లు, డ్రైవర్ సూడనట్టే పోయేటోడు. ఈయన అప్పుడే డిగ్రీ చదివి ఊర్ల తిరుగుతుండె. ఒకనాడు పొద్దుగాల బస్సుకు అడ్డం పోయి రోడ్డు మీద పండుకున్నడు. నాయకుల తీరు కాదు, నిజంగనే పండుకున్నడు, చెంప తారుకు ఆనిచ్చి. పోలీసులు లాగిన్రు, కొట్టిన్రు. మెడ కింద బొక్క విరిగింది. లేపి కూసోవెడితె, "బస్సు ఆగుతదా ఆగదా, అది చెప్పుండ్రి ముందు" అన్నడు. ఆ మాట నేను నా చెవులతోటి విన్న. నెల లోపట స్టాప్ వచ్చింది. ఆ రోజు సాయంత్రం నా మొదటి మైకు సెట్టు తీసుకపోయి ఆయన ముందల పెట్టిన. "నీకు ఎన్నడు కావాలన్న తీసుకో అన్న" అన్న. ఆయన నాకంటె రెండేండ్లే పెద్ద.

అట్ల మొదలైంది. ఆ మనిషే తర్వాత ఇట్ల అయిండు గాబట్టే ఇంత కోపం. మొదటికెళ్లి దొంగోడైతె నాకేం బాధ.

మైకు పట్టుకోంగనే ఆయన ముందు వరుసల కూసున్న పెద్దమనుషుల దిక్కు సూడకపోయేది. అందరికంటె ఎనక, షామియానా బయట ఎండల నిలబడ్డ ముసలామెను ఎతికి పట్టుకునేది. "అవ్వా, తిన్నవా?" అని మైకుల అడిగేది. ఆ అవ్వ తలకాయ ఊపేది. అంతే, మీటింగు ఆయన చేతికొచ్చేది. ఎవల ఇంట్ల జొన్నరొట్టె కాలుతుంటె ఆ ఇంట్లకు పోయి పీట వాల్చుకొని కూసునేది. "కారం పెట్టు వదినా" అనేది. పదేండ్ల కింద కలిసినోని పేరు, ఆయన బిడ్డ పేరు, బిడ్డను ఇచ్చిన ఊరి పేరు, అన్ని గుర్తు. చావు ఎవల ఇంట్ల అయినా వచ్చేటోడు. పాడెకు ముందల ఎడమ దిక్కు భుజం పెట్టేటోడు. మొదట్ల కాటి దాక మోసేది. చేతులల్లకు కెమెరా ఫోన్లు వచ్చినంక ఫొటో దిగేదాక మోసేది.

ఇంకోటి, కాదు అనే మాట ఆయన నోట్లె నేను ఎన్నడూ వినలే. ఏమడిగినా "ఐతది" అనేటోడు. పింఛన్? ఐతది. బోరు? ఐతది. కొడుక్కు నౌకరి? ఐతది తియ్. భుజం మీద చెయ్యేసి, జర దగ్గరికి లాక్కొని, చెవుల చెప్పినట్టు చెప్పేటోడు. వచ్చినోడు ఖుష్ అయ్యి పోయేటోడు. కాదంటె మనిషి ఇంకో తొవ్వ ఎతుక్కుంటడు. ఐతది అంటె అక్కడనే కూసుంటడు, ఏండ్లకేండ్లు కూసుంటడు. ఆ మాట ఎంతమంది బతుకులు తిన్నదో నేను కండ్లార సూసిన.

ఒకసారి ఒక ముసలాయన పాస్‌బుక్కు పట్టుకొని ఆయన ఇంటికొచ్చిండు. నేను అక్కడనే ఉన్న. ఈయన ఫోన్ తీసి, నంబర్ కొట్టి, చెవికి పెట్టుకొని, "ఏం సార్, మా పెద్దమనిషిని ఎన్నిసార్లు తిప్పుతరు? రేపటికల్లా పని కావాలె. మళ్ల నాతోటి చెప్పించుకోవద్దు" అని గట్టిగ అరుస్తున్నడు. అరుస్తుండంగనే చెవి కాడ ఉన్న ఆ ఫోనే మోగింది. ముసలాయనకు సమజ్ కాలే. ఈయన జరంత గూడ బెదరలే. తెర సూసుకొని, లేని సారుకు "మళ్ల చేస్త" అని చెప్పి, మోగే ఫోన్ ఎత్తిండు. నా దిక్కు సూసి కన్ను కొట్టిండు.

నేను నవ్విన. ఆ ముసలాయన ముందల నిలబడి నవ్విన. ఇది రాస్తుంటె నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తున్నది.

ఇగ మల్లవ్వ ముచ్చట.

అజీజ్‌నగర్ దిక్కు మల్లవ్వకు రెండెకరాలుండె. చామంతి, బంతి పెట్టేది, గట్ల పొంట కొత్తిమీర, మెంతం ఏసేది. తెల్లారకముందే గంప ఎత్తుకొని మెహిదీపట్నం బస్సు ఎక్కేది. అన్న మీటింగులకు దండలు గూడ ఆమె పూలే. ఆ బస్సును ఆపిచ్చినోడని ఆమెకు ఆయనంటె పానం. భూమి ఇంకా చచ్చిపోయిన మామ పేరు మీదనే ఉండె. అక్కడ చుట్టుపక్కల చానా మందిది అదే కథ. తాతల పేర్లు, మామల పేర్లు, ఆఫీసుల చుట్టు తిరిగే తీరుబాటు ఎవలకూ లేకుండె. అప్పటికే పట్నమోళ్లు కార్లల్ల వచ్చి భూములు అడుగుడు మొదలైంది. గండిపేట చెరువు కోసం ఈ దిక్కు కట్టడాలు వద్దని జీవో ఉన్నా తోటలని చెప్పి కొంటుండిరి.

ఒకనాడు అన్న నన్ను పిలిచిండు. "సేటూ, పాపం రైతులు పేర్ల మార్పిడికి తిరుగుతున్నరు. ఒక్కసారే అందరికీ చేయిపిద్దాం. నీ ఆటో ఏసుకపోయి చెప్పిరా" అన్నడు.

ఆటో మీద హార్న్ కట్టుకొని పొద్దంత తిరిగిన. వాడకు వాడ ఆపుకుంట నేనే చెప్పిన: "రైతు సోదరులారా, రేపు పొద్దుగాల బడి కాడికి పాస్‌బుక్కులు పట్టుకొని రాండ్రి. అన్న మీ భూములు మీ పేర్ల మీద ఎక్కిపిస్తుండు. ఒక్క రూపాయి కర్సు లేదు." నా గొంతు ఆ ఊర్లకు ఎరుకే. ఎవలు చచ్చినా, ఎవల పెండ్లయినా నా గొంతే వినిపించేది. నమ్మిన్రు. మల్లవ్వ వాకిట్లకు వచ్చి, "నిజమేనా సేటు? ఫికర్ లేదు గద?" అనడిగింది. "అన్న చేస్తుండు గదవ్వా, ఇంకేం ఫికర్" అన్న.

బడి కాడ బల్లలేసిన్రు. కాయితాల మీద బొటనవేళ్లు పెట్టిచ్చుకున్నరు. రెండు రోజులైనంక వ్యాన్లల్ల అందరినీ రిజిస్ట్రేషన్‌కు తోల్కపోయిన్రు, బిర్యానీ పెట్టిన్రు, ఫొటోలు దిగిచ్చిన్రు, పొద్దు గూకేవరకు ఇంటికి చేర్చిన్రు. చదువుకున్నోడు ఒక్కడుంటె ఆపేటోడు. ఆ చదువుకున్నోన్ని నేనే, షామియానా కింద కూసొని మంచినీళ్ల క్యాన్లు సూసుకుంటున్న. కాయితం మీద ఏం రాసిందో అడుగలే. అడుగాలని గూడ అనిపియ్యలే.

పేర్లు మారినయ్, అది నిజమే. పేరు మారిన తెల్లారే ఆ భూములు అమ్మే హక్కు అన్న బామ్మర్దికి ఇస్తున్నమని అదే వేలిముద్రల కింద ఇంకో కాయితం ఉన్నది. ఎనిమిది నెలలకు ప్రహరీ గోడ లేచింది. మల్లవ్వ చామంతి మడిల జేసీబీ దిగింది. పూలు తెంపుకోనియ్యలే. ఇప్పుడు అక్కడ రిసార్ట్ ఉన్నది, ఈతకొలను ఉన్నది, శని, ఆదివారాలు కార్లు ఆగుతయ్. మల్లవ్వ కొడుకు అండ్లనే తోటపని చేస్తుండు. వాళ్ల తాత దున్నిన మట్టిల వేరేటోళ్ల గడ్డి కత్తిరిస్తుండు, నెల జీతానికి.

మల్లవ్వ అన్న ఇంటికి పోయింది. "ఐతది అవ్వా, నేను సూస్త గద" అన్నడు, చాయ్ తాగిపిచ్చిండు. మళ్ల పోయింది. మళ్ల చాయ్ తాగిపిచ్చిండు. ప్రతి సోమారం పోయేది. ఆమె గడప తొక్కంగనే లోపలికి కేకేసేటోడు, "మా అవ్వొచ్చింది, చాయ్ తెండ్రి" అని. మూడేండ్లు. ఒక్కనాడన్న గదమాయించినా ఆమె ముందే కోర్టుకు పోయేదేమో.

ఎలక్షన్ వచ్చింది. సురంగల్ పోయే తొవ్వల మీటింగు పెట్టిన్రు. జనంతోటి మాట్లాడిపిద్దామని తీగ లేని మైకు ఒకటి కింద తిప్పుతున్నరు. అది చేతులు మారి మారి మల్లవ్వ చేతికొచ్చింది. ఆమె లేచి నిలబడ్డది. "కొడుకా, నా రెండెకరాలు ఏడబోయినయ్?" అన్నది. నిమ్మలంగనే అడిగింది. ముందు వరుసలోళ్లు ఎనకకు తిరిగి సూసిన్రు. "నువ్వు బస్సు ఆపినవని నీ మాట నమ్మిన. నా వేలు ఏ కాయితం మీద..."

అన్న నా దిక్కు సూసిండు. అరచెయ్యి కిందికి చూపి జరంత దించిండు. అంతే. నేను ఆమె మైకు బటన్ తిప్పిన.

ఆమె నోరు ఆడుతున్నది, మాట వినిపియ్యలే. మైకును సూసుకున్నది, చేతితోటి తట్టింది, మళ్ల మాట్లాడింది. అన్న తన మైకు నోటి కాడికి తీసుకొని, "మా అవ్వ నన్ను దీవిస్తున్నది. ఈ తల్లి దీవెన ముందల నాకు ఏ పదవి ఎక్కువ?" అన్నడు. కండువా ఈ భుజం మీదికెళ్లి ఆ భుజం మీదికి మార్చుకున్నడు. నా చెయ్యి అలవాటు కొద్ది సౌండు పెంచింది. జనం సప్పట్లు కొట్టిన్రు. మల్లవ్వ మైకును కుర్చీల పెట్టి నడుచుకుంట పోయింది.

ఆ మీటింగు అయినంక నాకు అన్నం సగించలే. మూడో రోజు ఆయన ఫామ్‌హౌస్‌కు పోయిన. మామిడి చెట్ల నడుమ పెద్ద వరండా, మనుషులెవలూ లేరు. నన్ను సూడంగనే, "రా సేటూ, తిన్నవా?" అన్నడు.

"మల్లవ్వ భూమి ముచ్చట మాట్లాడాలని వచ్చిన అన్న" అన్న.

"ఐతది."

"ఐతది కాదన్న. ఎట్లైతది? అమ్ముడు పోయింది, గోడ లేచింది. వాళ్లకు ఏమన్న చెప్పు. మనం మోసం చేసినం."

ఆయన కోపానికి రాలే. దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేసిండు. "మనం అంటున్నవ్, మంచిదే. బడి కాడికి వాళ్లను పిలిచింది ఎవలు? నేను ఒక్క ఇంటికన్న పోయిన్నా? ఒక్క రూపాయి కర్సు లేదని చెప్పింది నీ గొంతే గద. రేపు ఎవలన్న అడిగితె ముందు నిన్నే అడుగుతరు. నీకు బిడ్డలున్నరు, దుకాణం ఉన్నది. నేనున్న గద, నీ మీదికి రానియ్య. ఫికర్ చెయ్యకు." తర్వాత లోపలికి కేకేసి, "సేటుకు అన్నం పెట్టుండ్రి" అన్నడు.

పెట్టిన్రు. నేను తిన్న. మటన్ కూర, తలకాయ పులుసు. ఆయన పక్కనే కూసొని, ఇంకో ముక్క ఎయ్యి, ఇంకో ముక్క ఎయ్యి అని దగ్గరుండి తినిపిచ్చిండు.

బెదిరిస్తున్న అనే మాట లేకుండ ఇంత బెదిరించే మనిషిని నేను మళ్ల సూడలే. బయటికొస్తుంటె బిడ్డ చదువు ఎట్లున్నదని గూడ అడిగిండు.

తర్వాత మల్లవ్వ చేవెళ్ల కోర్టుల కేసు ఏసింది. ఆమె వకీలు రెండుసార్లు దుకాణానికి వచ్చిండు. "ఆ రోజు నువ్వు ఏమని చెప్పినవో అది చెప్తె చాలు సేటు. వేలిముద్రలు దేనికని పెట్టిచ్చిన్రో తెల్సిన సాక్షివి నువ్వే" అన్నడు. మొదటిసారి గుర్తు లేదన్న. రెండోసారి పనోనితోటి లేడని చెప్పిపిచ్చిన. వకీలు పోయేదాక ఎనక అర్రల షామియానా గుడ్డల నడుమ నిలబడ్డ. అన్న మీటింగులకు సామాను పంపుడు మాత్రం ఆపలే.

ఆయన పోయిన రోజు నాకు ఏడుపు రాలే. కోపమొచ్చింది. ఏ జవాబూ చెప్పకుండ, ఎవలకూ లొంగకుండ, ఒక్కసారన్న తలొంచకుండ, ఇంత సుఖంగ ఎట్ల పోతడు మనిషి? టీవీల ఆయనను పేదల మనిషి అన్నరు. మేము కేసులేసిన మనుషులం, సాక్ష్యం చెప్పకుండ దాక్కున్న మనుషులం ఇక్కడ మిగిలినం.

యూత్ లీడర్‌కు ఫోన్ చేసి సామాను పంపనని చెప్పిన. "ఏమైంది కాకా?" అన్నడు. "నా దగ్గర ఆయన గురించి మంచి ముచ్చట ఒక్కటే ఉన్నది. మిగిలినయి చెప్తె మీరు విననియ్యరు" అన్న. వాళ్లు శంకర్‌పల్లి దిక్కుకెళ్లి టెంటు తెప్పిచ్చుకున్నరు. సభ మంచిగనే జరిగిందంట.

నేను ఆ పొద్దు అజీజ్‌నగర్ పోయిన. మల్లవ్వ ఒక కిరాయి అర్రల ఉంటున్నది. వాకిట్ల కూసొని చింతపండు గింజలు తీస్తున్నది. నన్ను సూసింది, కూసో అనలే.

"కోర్టుకొచ్చి చెప్తనవ్వా" అన్న.

ఆమె ఇంకో గింజ తీసి పక్కకు పడేసింది. "వకీలును అడిగి తారీకు చెప్పిపిస్త" అన్నది. అంతే.

మూడు నెలలకు తారీకు వచ్చింది. పోయిన వారమే పోయిన. బోనుల నిలబడి ఆటో ముచ్చట, బడి ముచ్చట, బిర్యానీ ముచ్చట, అన్ని చెప్పిన. అవతలి వకీలు నన్ను కడిగేసిండు. "చచ్చిపోయిన మనిషి మీద ఇప్పుడు చెప్తున్నవా? బతికున్నప్పుడు ఆయనింట్ల అన్నం తిన్నవా లేదా?" అనడిగిండు. తిన్న అన్న. "కాయితం చదివినవా?" చదువలే అన్న. "మరి నీ మాట ఎట్ల నమ్మాలె?" అన్నడు.

బయటికొచ్చినంక మల్లవ్వ వకీలును అడిగింది, భూమి వస్తదా అని. ఆయన మర్యాదగల మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పిండు: "కష్టమేనవ్వా. చేతులు మారింది. కొనుక్కున్నోళ్లు పెద్దోళ్లు. ఏండ్లు పడ్తది. కాని సాక్ష్యం రికార్డుల కెక్కింది." ఆమె తలకాయ ఊపి పోయి కోర్టు గోడ నీడల కూసొని సద్ది మూట విప్పింది. నేను ఎదురుంగ నిలబడ్డ. చెప్పకుండ ఉండలేకపోయిన.

"భయమైందవ్వా. అందుకే ఇన్నేండ్లు రాలే."

ఆమె రొట్టె తుంపి పచ్చడిల అద్దుకున్నది. "నాకు గాలేదా భయం?" అన్నది. "ఆయన గేటు కాడ నిలబడ్డ ప్రతిసారి మర్లిపోదామనిపించేది. గోడ కాడ కుక్కలను ఇడిసిన్రు. నా కొడుకును నౌకరికెళ్లి తీసేస్తమన్నరు. అయినా పోయిన."

కోపంగ అనలే. అన్నం తింటుంటె మంచినీళ్లు అడిగినట్టు అన్నది. నా కండ్లల్ల నీళ్లు ఆగలే. ఆమె ఓదార్చలే. కూసో అని ఇప్పుడు గూడ అనలే. లోపల గుమాస్తా నా పేరు పిలుస్తున్నడు, చెప్పింది టైపు చేసిన్రు, చదివి సంతకం పెట్టాలంట.

"పో, ముఖం కడుక్కో" అన్నది మల్లవ్వ. "ఈసారన్న పూర చదివి పెట్టు."

పోయి చదివిన. ప్రతి మాట చదివి పెట్టిన.